గడపలో నీళ్లడిగే మనిషి

మా పెద్దత్త పోయింది. ఈ కబురు మా గడప దాకా ఎవరూ మోసుకురాలేదు. ఆమె మా ఇంట్లోనే, గొర్రెల దొడ్డి పక్క పంచలో, కోడి కూసే వేళకు కన్ను మూసింది. మా నాయన ఆమె ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసి, ఒక్క మాట అన్నాడు.

"ఇగ ఈ కబురు ఎవరు తీస్కపోతరు?"

ఏం పోయిందో మాకందరికీ అప్పుడు తెలిసింది.

పోయినవాళ్లను గురించి మెత్తగా రాయాలని పెద్దలంటారు. మెత్తగా రాయడం నాకు రాదు. ఆమె జ్వరంతో పోయిందని ఊరంతా అంటున్నది. ఆ జ్వరం ఎక్కణ్నుంచి వచ్చిందో నేను చెబుతాను. కానీ ముందు ఆమె ఎవరో చెప్పాలి. లేకపోతే నా కోపం మీకు ఉత్త అరుపులాగే వినబడుతుంది.

మాది సూర్యాపేట పక్కన చిన్న ఊరు. గొర్రెలే మా బతుకు. మా తాతకు నలుగురు పిల్లలు. పెద్దత్త మొదటిది, పెండ్లయిన కొన్నాళ్లకే మొగుణ్ని పోగొట్టుకొని పుట్టింటికి తిరిగొచ్చింది. తర్వాత మా నాయన. తర్వాత చిన్నాయన, ఒక కరువులో మేత వెతుక్కుంటూ మందతో కోదాడ దాటిపోయి, అనంతగిరి దగ్గర బీళ్లు నచ్చి అక్కడే గుడిసె వేసుకున్నాడు. ఆఖరిది చిన్నత్త, ఆమెను మిర్యాలగూడలో ఇచ్చారు. బడి గోడ మీది పటంలో చూస్తే ఈ మూడు ఊళ్లూ నా బొటనవేలి కింద దాక్కుంటాయి. కాళ్లు తప్ప బండి ఎరగని మనుషులకు మాత్రం ఒకటి తూర్పు, ఒకటి దక్షిణం. కోదాడ పోవాలంటే నైజాం ఇలాకా దాటి, నడుమ నడిగూడెం వైపు ఇంగ్లీషు వాళ్ల ఇలాకాలో దూరి, మళ్లీ నైజాంలోకి రావాలి. ఒక్క తల్లి కడుపున పుట్టినవాళ్ల మధ్య ఇన్ని సరిహద్దులు ఎవరు గీశారో, వాళ్లకు అక్కాచెల్లెళ్లు లేరేమో!

మా నాయనమ్మ పోయినప్పుడు నేను పాకుతున్నానట. అప్పుడు మిర్యాలగూడకు కబురు పంపింది పటేలు. మా ఊళ్లో చావు కబురు మోయడానికి ఒక మనిషి ఉండేవాడు. పటేలు "పో" అంటే పోవాలి. తిండి లేదు, కూలి లేదు, కాదనే నోరు లేదు. దాన్నే వెట్టి అంటారు. ఆ రోజు పటేలు ఆ మనిషి నెత్తిన తన వియ్యంకుడి ఇంటికి పంపే నెయ్యి కుండలు పెట్టి, "ముందు గివి దించు, తర్వాత ఆ కబురు చెప్పు" అన్నాడట. నెయ్యి ముందు చేరింది. కబురు వెనక చేరింది. చిన్నత్త పరుగెత్తి వచ్చేసరికి అమ్మ ముఖం మట్టి కిందికి పోయింది.

ఆమె మట్టి మీద పడి ఏడ్చి, లేచి మా నాయన వైపు తిరిగిందట.

"కడసూపు కూడ సూపియ్యని అన్నవు నువ్వు. నీ ఇంట్ల ఇగ నీళ్లు ముట్ట."

అన్న మాట నిలబెట్టుకున్నది. మా చావులకూ పెండ్లిళ్లకూ వచ్చేది, వాకిట్లో పందిరి కింద కూర్చునేది, గడప దాటేది కాదు, గుటకెడు నీళ్లు తాగేది కాదు. పటేలు మీద రావలసిన కోపం అన్న మీదికి వచ్చింది. మా దేశంలో కోపానికి తొవ్వ ఎప్పుడూ ఇంతే. పై మెట్టు ఎక్కలేక పక్కవాడి మీద పడుతుంది.

ఆ మట్టి దగ్గరే పెద్దత్త అన్నదట, "మన కబురు ఇంకొకని నెత్తిన పెట్టెడిది లేదు. నేనే తీస్కపోత." అప్పటినుంచి నడిచింది. ఎవరికి బిడ్డ పుట్టినా, ఎవరికి జ్వరం తగిలినా, ఎవరి మంద ఏ రోగంతో పడిపోయినా, గొంగడి భుజాన వేసుకొని, కొంగున ఇన్ని అటుకులు కట్టుకొని, కోదాడకో మిర్యాలగూడకో పోయేది. మూడు ఇండ్లకూ ఆమే టపా, ఆమే తంతి.

ఆమె పెట్టిన పద్ధతి ఒకటి చెప్పాలి. దూరం నుంచి మనిషి వస్తుంటే ఇంట్లోవాళ్ల గుండె ముందే ఆగిపోతుంది కదా! అందుకని ఆమె గడప ముందర నిలబడి, ఇంకే మాటా అనకముందు, "జర నీళ్లియ్యిండ్రి" అనేది. నీళ్లడిగిందంటే అందరూ క్షేమం. అడగకుండా నిలబడిందా, ఇచ్చిన నీళ్లు ముట్టలేదా, ఎవరో పోయినట్టు. ఇది ఏ శాస్త్రంలోనూ లేదు, ఊళ్లో ఇంకెవరికీ తెలియదు. మా మూడు ఇండ్ల పిల్లలకు మాత్రం పాలతో పాటు తాపిన సంగతి. ఆమె మూల మీద కనబడితే చాలు, మా అమ్మ చేతిలో పని వదిలేసి, చెంబు పట్టుకొని, ఊపిరి బిగబట్టి నిలబడేది. ఆ "జర నీళ్లియ్యిండ్రి" అన్న మాట చెవిన పడగానే ఇల్లంతా ఒక్కసారి గాలి పీల్చుకునేది.

నీళ్లు తాగి, మూతి తుడుచుకొని, గడప మీద కూర్చుని మొదలుపెట్టేది. ముందు మనుషులు, తర్వాత గొర్లు, ఆ తర్వాత వానలు. ఎవరి మాట వాళ్ల గొంతుతోనే చెప్పేది. చిన్నాయన అక్కడికి పోయినాక ఆ పక్క యాస పట్టింది. ఆమె నోట్లోంచి ఆయనే దిగేవాడు. "ఏంటక్కయ్యా, అన్నయ్య ఎట్టా ఉండాడు? పిల్లోడు ఇంకా ఆ కాయితాలే సదువుతన్నాడా?" అని ఆమె అంటుంటే మా అమ్మ కొంగు నోట్లో కుక్కుకొని నవ్వేది. ఆ "పిల్లోడు" నేనే.

"అత్తా, నువ్వు నాటకాలల్ల చేరాలె" అన్నాను ఒకసారి.

"నేను చేరితే మీ చిన్నాయన యేషం ఎవరు కడతరు అల్లుడా?" అన్నది.

చిన్నత్త పంపే కోపాన్ని కూడా ఆమే మోసుకొచ్చేది. మాట మార్చేది కాదు, వేడి మాత్రం దారిలో వదిలేసి వచ్చేది. "కబురుకు కాళ్లుండాలె గని కొమ్ములుండొద్దు" అనేది. చిన్నత్త "మా అన్న ఏమన్నడు?" అని అడిగితే, మా నాయన ఏమీ అనకపోయినా ఆమె ఉత్త చేతులతో పోయేది కాదు. "మీ అన్న ఏమన్లే. తలకాయ వంచుకొని తల్లి లేని గొర్రెపిల్లకు పాలు తాపిండు. నువ్వు సాకినవు సూడు, గా తెల్ల చెవుల గొర్రె, దాని పిల్లే" అని చెప్పేది. ఆ సంగతి నాకు చిన్నత్తే తర్వాత చెప్పింది. మౌనాన్ని అంత దూరం మోసుకుపోయి, చెడిపోకుండా అప్పజెప్పిన మనిషిని నేను ఇంకొకర్ని చూడలేదు.

ఆ రోజుల్లో నడిగూడెం దారిలో సుంకం నాకాలుండేవి. అటు పోయే ప్రతి మూటా విప్పి చూసేవాళ్లు. నేను ఒకసారి ఆమె వెంట పోయాను. నాకాలో జవాను ఆమె మూటను కర్రతో పొడిచాడు.

"ఏయ్ ముసల్దానా, ఏం తీస్కపోతున్నవ్?"

"కబుర్లు దొరా."

"మజాక్ చేస్తున్నవా? మూట విప్పు."

"మూటల అటుకులున్నయ్. కబుర్లు నోట్లున్నయ్. నోరు విప్పాల్నా?"

వాడి పక్కనున్న గుమాస్తా నవ్వాడు. "ఇప్పియ్యకురా అయ్యా, పొద్దుగూకుతది" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. తమ్ముడి ఇంటికి పోయే ఆడమనిషి అటుకుల మూటలో కర్ర పెట్టే హక్కు వీడికెవరిచ్చారని అరవబోయాను. పెద్దత్త నా చెయ్యి పట్టి లాక్కుపోయింది. నాకా కనుమరుగయ్యాక అన్నది:

"కబురు మోసేటోడు కోపాన్ని ఇంటికాడ కట్టేసి పోవాలె అల్లుడా. రెండు మోస్తే తొవ్వల ఒకటి కింద పడతది."

"కింద పడితే పడనియ్యి, కోపం నిజమైంది" అన్నాను.

"నిజమైందే. గని మీ చిన్నమ్మకు కాన్పు అయిందా లేదా అని మీ అమ్మ ఎదురుసూస్తున్నది. అది గూడ నిజమే."

ఆమె బొట్టు లేని మనిషి గనక ఎదురైతే పని చెడుతుందని మా ఊరి పెద్దమనుషులు బండి ఆపి, ఉమ్మి, వెనక్కి తిరిగేవాళ్లు. ఆ పెద్దమనుషుల ఇండ్ల నుంచే ఆడవాళ్లు గోడ మీంచి పిలిచేవాళ్లు. "ఓ అక్కా, కోదాడ దిక్కు పోతున్నవట. మా బిడ్డ ఎట్లున్నదో జర సూసి రా." ఎదురు రాకూడని మనిషి, కబురు మాత్రం తేవాలి! నేను ఈ సంగతి తీసి మండిపడితే ఆమె గొంగడి దులుపుకుంటూ, "వాళ్లు ఎన్కకు మళ్లితే నాకేం పోయింది, తొవ్వ ఖాళీ అయింది" అనేది. ఆమెకు కోపం రాలేదని కాదు. వచ్చిన కోపాన్ని పాదాల్లోకి దించుకునేది. నాకు తలకెక్కుతుంది.

కరపత్రాల సంగతి కూడా చెప్పాలి. పేటలో తెలిసినవాళ్ల దగ్గర తెచ్చుకొని, దొడ్డి కప్పులో గడ్డి నడుమ దాచుకొని, అక్షరం అక్షరం కూడబలుక్కొని చదివి నేర్చినవాణ్ని నేను. ఒక రోజు ఆమెకు గట్టిగా చదివి వినిపించాను. వెట్టి నశించాలి అన్న మాట దగ్గర నా గొంతు నాకే గొప్పగా వినబడింది. ఆమె ఉన్ని వడుకుతూ మొత్తం విన్నది.

"కాయితం మంచిగున్నది. గని దానికి కాళ్లు లేవు బిడ్డా."

"అంటే?"

"నశించాలె నశించాలె అని అరిస్తే నశిస్తదా? నీ పని నువ్వు నడువు. వాడు కూసుంటడు."

ఆ మాట నాకప్పుడు నచ్చలేదు. ఒక్క ఇల్లు నడిస్తే పటేలు గడీ కూలుతుందా అని వాదించాను. ఆమె కదురు ఆపకుండా, "నేనెప్పుడన్న కూలుతదన్ననా? వాడు కూసుంటడన్న. గా ఒక్కడు" అన్నది.

మా కబురు మేమే మోస్తే కాస్త కూర్చోగలిగే ఆ ఒక్కడు మా ఊరి వెట్టి మనిషే. నెయ్యి కుండలు మోసిన వాడే, ఇప్పుడు ముసలివాడయ్యాడు. ఎండన పడి మా వాకిలి ముందు నుంచి పోతూ దూప అన్నాడంటే, ఊరి రివాజు ప్రకారం దోసిలి పట్టించి పైనుంచి పోసేవాళ్లు. పెద్దత్త కూడా అలాగే పోసేది. నేను అడ్డంగా అడిగాను, చేతికి చెంబిస్తే ఏమైతదని. ఆ తర్వాత అతను వచ్చినప్పుడు ఆమె అటూ ఇటూ చూసి, చెంబు తీసుకుపోయి అతని ముందు కింద పెట్టి, ఏదో పని ఉన్నట్టు దొడ్లోకి పోయింది. అతను ఆ చెంబు వైపు చాలాసేపు చూశాడు. తర్వాత ఎత్తి తాగాడు. నా కరపత్రాలన్నీ కలిసి చెయ్యలేని పని అది అని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

ఇక ఆ జ్వరం.

నవాబు రాజ్యం పోయింది, మిలట్రీ వచ్చింది. వెట్టి వద్దని లేచిన సంఘం పేరు చెబితే పారిపోయిన పటేళ్లూ దొరలూ మిలట్రీ బండ్ల వెనక తిరిగి ఊళ్లోకొచ్చి, తమ అరుగుల మీద తాము మళ్లీ కూర్చున్నారు. దారుల మీద నాకాలు పోతాయనుకుంటే క్యాంపులు లేచాయి. రాజ్యం మారితే కర్ర పట్టిన చెయ్యి మారింది, మూట మాత్రం మాదే!

పోయిన నెల పెద్దత్త కోదాడ నుంచి వస్తున్నది. చిన్నాయన కోడలు నీళ్లోసుకున్నది. పెండ్లయి చాలా ఏండ్లు కడుపు పండక మొక్కని దేవుడు లేడు. ఆ కబురు ఆమె కొంగున కట్టుకున్న బంగారంలాగా తెస్తున్నది. క్యాంపు దగ్గర ఆపారు. ఊరూరూ తిరిగే ఒంటి ఆడమనిషి, సంఘం వాళ్ల కబుర్లు మోస్తున్నదని ఎవరో చెప్పారట. ఎవరు చెప్పారో నాకు తెలుసు, మీకూ తెలుసు.

"ఎవరికి ఏం కబురు తీస్కపోతున్నవో చెప్పు" అని అడిగారట.

"మా తమ్ముని కోడలు నీళ్లోసుకున్నది. మా ఇంట్ల చెప్పాలె."

"గిది గుర్తు మాటనా? దీని మతలబు ఏంది?"

"మతలబా? తొమ్మిది నెల్లాగితే మీకే ఎర్కయితది" అన్నదట.

అందుకు ఎండలో కూర్చోబెట్టారు. పొద్దు పొడిచింది మొదలు వాలేదాకా, గొంగడి లాక్కొని, కాలే బండ మీద కూర్చోబెట్టారు. నీళ్లడిగితే ఇవ్వలేదు. వింటున్నారా? మూడు ఇండ్లకు క్షేమం చెప్పడానికి మాత్రమే నీళ్లడిగే మనిషి, ఒక్కసారి తన కోసం, ఉత్త దూప కోసం అడిగితే ఇవ్వలేదు. ఏ చట్టంలో రాసుంది ఇది? స్వతంత్రం వచ్చిందని పేటలో జెండాలు కట్టారు, నేనూ పోయి చూశాను. ఆ జెండా కింద ముసలమ్మకు గుటకెడు నీళ్లు పుట్టలేదు.

ఇంటికి ఎలా వచ్చిందో తెలియదు. గడప ముందర నిలబడింది. పెదవులు పగిలాయి, కండ్లు ఎర్రబడ్డాయి. మా అమ్మ చెంబు పట్టుకొని గడప దాకా వచ్చి ఆగింది. పెద్దత్త గడప పట్టుకొని, "జర నీళ్లియ్యిండ్రి" అన్నది. తాగింది. కూర్చున్నది. చిన్నాయన గొంతుతోనే చెప్పింది: "అన్నయ్యకు చెప్పక్కయ్యా, నేను తాతనవుతన్నా." మా నాయన ఏడ్చాడు, నవ్వాడు. ఎండలో కూర్చోబెట్టిన సంగతి ఆ రాత్రి జ్వరంలో పలవరిస్తేనే మాకు తెలిసింది.

"మిర్యాలగూడకు పోవాలె, చెల్లెకు చెప్పాలె" అని లేవబోయేది, పడిపోయేది. "నేను చెప్పి వస్త" అంటే, "నువ్వు తొవ్వల ఎవనితోనన్న కొట్లాడతవు, కబురు ఆడనే ఉంటది" అనేది. ఆఖరి మాట కూడా అదే. ఆ కబురు ఆమె నోట్లోనే ఉండగా పోయింది.

మేము ఇంకా ఏడుపులో ఉండగానే పటేలు మనిషి వాకిట్లోకొచ్చాడు.

"కోదాడకు కబురు పోయింది. పటేలు మబ్బుల్నే వెట్టోన్ని తోలిండు. గుంపు కూడొద్దని మిలట్రీ హుకుం ఉన్నది. దూరపోళ్ల కోసం సూడకుండ పగటాల్లకు బొంద పెట్టుమన్నడు."

నేను దొడ్డి గోడ దూకి అతని మీదికి పోబోయాను. ఆమె కబురు! వెట్టి నెత్తిన! మా అమ్మ నన్ను వాటేసుకొని ఆపింది. అప్పుడు మా నాయన లేచాడు. ఆయన పటేలు పేరు చెబితే తలపాగా తీసే మనిషి. నాకు ఆయన మీద ఆ కోపం ఎప్పుడూ ఉండేది. ఆ రోజు తలపాగా తీయలేదు.

"మా చెల్లె రావాలె" అన్నాడు. "వచ్చి సూసినంకనే మట్టి. పటేలుకు చెప్పు."

"రేపటి దాక పీనుగను ఉంచుతవా?"

"ఉంచుత. ఆమె ఎన్నడు ఆలస్యం చెయ్యలే. ఆమె కోసం మేం ఒక్క పూట ఆగలేమా?"

తర్వాత నా వైపు తిరిగి, "సైకిలు కిరాయికి తెచ్చుకో. కొట్లాడకు" అన్నాడు.

పేటకు పోయి సైకిలు తెచ్చుకొని మిర్యాలగూడ దారి పట్టాను. మూసీ దగ్గర క్యాంపు వాళ్లు ఆపారు. ఎక్కడికి, ఎందుకు, సంచిలో ఏముంది, చేతి వేళ్లకు సిరా మరక ఎందుకుంది. చావు కబురు అన్నాను. వాళ్లలో ఒకడు నవ్వి, రెండు చక్రాల్లోనూ గాలి తీసేశాడు. "ఇప్పుడు పో" అన్నాడు. నేను చదివిన కరపత్రాలన్నీ ఒక్కసారి నోట్లోకి లేచాయి. నోరు తెరిస్తే ఆ పూట నేను ఆ క్యాంపులోనే ఉండేవాణ్ని, చిన్నత్త ఈసారి కూడా మట్టినే చూసేది. కోపాన్ని కట్టెయ్యడానికి అక్కడ గుంజ లేదు, గొలుసు లేదు. పండ్ల మధ్య నాలుకను కొరికి పట్టుకున్నాను. రక్తం ఉప్పగా తగిలింది. సైకిలు తోసుకుంటూ ఏరు దాటాను. తర్వాతి ఊళ్లో ఒక చాకలాయన ఇంట్లో గాలి పంపు దొరికింది.

ఎండ తిరిగిపోతుండగా చిన్నత్త వాకిట్లో దిగాను. ఆ ఎండకూ ఆ తొక్కుడుకూ నా నాలుక అంగిటికి అంటుకుపోయింది. చిన్నత్త నన్ను మూల మీదే చూసినట్టుంది, చెంబుతో ఎదురొచ్చింది. నవ్వుతూనే వచ్చింది.

"ఏమిరా అల్లుడా, అక్క రాలే? నిన్ను తోలిందా?"

గడప ముందర నిలబడ్డాను. ఆ చెంబులో నీళ్లు నా కండ్ల ముందే మెరుస్తున్నాయి. జీవితంలో అంత దూప నాకెన్నడూ కాలేదు.

"తాగురా, మొకమంత ఎండిపోయింది."

నేను చెయ్యి చాపలేదు.

"తాగు."

నేలవైపు చూశాను. ఆమె నవ్వు ముఖం మీద అలాగే ఉండిపోయింది, కండ్లలోంచి మాత్రం పోయింది. వంగి చెంబును మా ఇద్దరి నడుమ గడప మీద నెమ్మదిగా పెట్టింది.

"అక్కనా?" అన్నది.

తల ఊపాను. ఒక్క మాట మాట్లాడకుండా కబురు అందింది. ఆ పద్ధతి పెట్టిన మనిషి కబురు ఆ పద్ధతిలోనే అందింది.

ఆమె ఏడుపు నేను రాయను. ఏడ్చి, కొంగు బిగించి, "మట్టి చేసిండ్రా?" అని అడిగింది. ఆ అడగడంలో పాతదంతా ఉన్నది.

"లేదు. నాయన ఆపిండు. నువ్వొచ్చినంకనే అన్నడు, పటేలు మనిషి మొకం మీదనే."

"మా అన్న అన్నడా?" అని రెండుసార్లు అడిగింది. మామ బండి కడుతుండగా మళ్లీ నా దగ్గరికొచ్చింది.

"అక్క ఇంకేమన్న చెప్పుమన్నదా?"

నేను చెప్పాను. చిన్నాయన గొంతు నాకు రాదు, నా గొంతుతోనే చెప్పాను, కోడలు నీళ్లోసుకున్నదని. బండి పట్టె పట్టుకొని చిన్నత్త మళ్లీ ఏడ్చింది, కానీ అది వేరే ఏడుపు.

మర్నాడు పొద్దెక్కుతుండగా మేము ఇల్లు చేరాం. పెద్దత్త వేపాకుల నడుమ, గొంగడి కింద ఉన్నది. ఆమెది క్యాంపులోనే పోయింది గనక అది మా నాయనది. చిన్నత్త అక్క ముఖాన్ని రెండు చేతుల్లో పట్టుకొని చాలాసేపు చూసింది. ఎవరూ తొందర పెట్టలేదు.

మా వెనకే చిన్నాయన బండి దిగింది. దిగీ దిగగానే మండిపడ్డాడు.

"ఆ వెట్టోడికి బుద్ధుందా అన్నయ్యా! వచ్చీరాగానే నీళ్లడిగాడు. మేం సంబరపడిపోయాం. మీ మరదలు దోసిట్లో నీళ్లు పోసి, అన్నం ఎసరు కూడా పెట్టేసింది. తాగి, మూతి తుడుచుకుని, అప్పుడు చెప్పాడు, అక్క పోయిందని. కొట్టబోయాను!"

మా ఇంటి పద్ధతి ఆ ముసలివాడికి ఎలా తెలుస్తుంది! పొద్దున్నే తిండి లేకుండా తోలిన మనిషి, అనంతగిరి దాకా ఎండలో నడిచిన మనిషి, మొదట నీళ్లు కాక ఏమడుగుతాడు? ఇక నా కోపం కట్టు తెంచుకుంది.

"నీళ్లు దూపకు అడుగుతరు చిన్నాయనా! మన ఇంట్ల అత్త నేర్పింది గనక మనకు కబురయింది. క్యాంపుల అత్త అడిగితే వాళ్లియ్యలే, ఆయన అడిగితే నువ్వు కొట్టబోయినవ్. వాళ్లకు నీకు ఏం ఫరక్? ఆయన్ను తోలినోడు అరుగు మీద కూసున్నడు, పోయి వాన్ని కొట్టు!"

పెద్దవాళ్ల ముందు అంత గొంతు ఎత్తినందుకు ఎవరో "పోరనికి బలుపెక్కింది" అన్నారు. ఎక్కితే ఎక్కనీయండి. ఆ ముసలాయన చిన్నాయన బండి వెనకే నడిచొచ్చి, గోడ పక్కన కూలబడి ఉన్నాడు. బండిలో చోటుంది, ఎక్కమని ఎవరూ అనలేదు. నేను చెంబు తీసుకుపోయి అతని చేతికే ఇచ్చాను. పెద్దత్తలాగా అటూ ఇటూ చూడలేదు. చిన్నాయన చూశాడు. ఏదో అనబోయి, అక్క ముఖం వైపు చూసి, తల దించుకున్నాడు.

మట్టి అయిపోయింది. కాళ్లు కడుక్కొని అందరూ వాకిట్లో కూర్చున్నారు. నా కోపం తీరలేదు, తీరదు. పటేలు తన అరుగు మీదే ఉన్నాడు, క్యాంపు దారి మీదే ఉంది. ఇకనుంచి కోదాడకూ మిర్యాలగూడకూ మా కబుర్లు నేను తీసుకుపోతాను. రాస్తాను, అరుస్తాను, నడుస్తాను కూడా. పెద్దత్తా, నా కాయితానికి కాళ్లు లేవన్నావు. ఇవిగో.

మామ బండి కట్టాడు. చిన్నత్త లేచింది. పోయేముందు పందిరి కింది నుంచి నడిచొచ్చి, మా గడప ముందర, పెద్దత్త నిలబడీ నిలబడీ నున్నబడిన బండ మీద నిలబడింది. మా నాయన లోపల ఉన్నాడు.

"అన్నా" అని పిలిచింది. "జర నీళ్లియ్యి."

మా నాయన చెంబు ముంచి తెచ్చాడు. ఆయన ఎంత తొందరగా చాపాడంటే సగం నీళ్లు బండ మీదే ఒలికిపోయాయి. మిగిలిన సగం ఆమె తల ఎత్తి, చుక్క మిగలకుండా తాగింది. దొడ్డిలోంచి తెల్ల చెవుల గొర్రెపిల్ల ఒకటి వచ్చి, ఆ తడి బండను నాకుతూ నిలబడింది. దాన్ని ఎవరూ అదిలించలేదు.